మూడో పొట్లం

ఫ్రిజ్ తలుపు తెరిచి, తడిగుడ్డతో పైఅర తుడుస్తూ లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఇరవై రాకముందే తలుపు మూసేశాను. గుడ్డ పిండుకుని, కాసేపు ఆగి, మళ్ళీ తెరిచి రెండో అర మొదలుపెట్టాను. ఒక్క ఫ్రిజ్ తుడవడానికి ఇలా ఆరేడుసార్లు తలుపు తీసి వేయాలి. ఇది మా వదిన పెట్టిన నియమం.

"తుడుస్తున్నావా, దాంతో దాగుడుమూతలు ఆడుతున్నావా?" అంది అమ్మ, గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ.

"నీ కోడలు చెప్పినట్టే చేస్తున్నానమ్మా."

"రూల్సు పెట్టడానికి ఆఫీసు చాలలేదు, ఇంటికి కూడా మోసుకొచ్చింది. రేపు ఊపిరి కూడా ఇరవై లెక్కపెట్టి పీల్చమంటుంది."

మా ఫ్రిజ్‌లో అడుగున కూరగాయల సొరుగు ఉంది గానీ అందులో కూరగాయలు ఉండవు. ఒక రేకు డబ్బా ఉంటుంది. ఆ డబ్బాలో కిలో వేరుశనగ గింజల పొట్లం. పురికొసతో కట్టి, ముడి మీద లక్కతో రెండు ముద్రలు వేసి ఉంటాయి. ఒకటి మన దేశానిది, ఒకటి వంతెన అవతలి దేశానిది. నేను ఆ సొరుగు మాత్రం తుడవను. దాని మీద చెయ్యి వేసే హక్కు ఈ ఇంట్లో వదిన ఒక్కదానికే ఉంది.

వదిన వంతెన దగ్గరి తనిఖీ ఆఫీసులో పని చేస్తుంది. అవతలి నుంచి తిండిగింజల లారీ ఏది వచ్చినా, మొన తేలిన బోలు ఇనుప గొట్టం తీసుకుని లారీ ఎక్కుతుంది. పది బస్తాల్లో గుచ్చి గింజలు తీసి, బాగా కలిపి, మూడు పొట్లాలు కడుతుంది. ఒకటి పరీక్షకి పోతుంది. ఒకటి సరుకు తెచ్చినవాళ్ళకి ఇస్తారు. మూడోది తగవొస్తే తెరవడానికి. తగవు తీరేదాకా అది చల్లటిచోట ఉండాలి. ఆఫీసు ఫ్రిజ్ పాడై మూడేళ్ళయింది. కొత్తది కావాలని రాసిన ఉత్తరాలకి జవాబు రాక, అప్పటి పై అధికారి "మూడో పొట్లాలు సదరు ఉద్యోగిని ఇంటి ఫ్రిజ్‌లో భద్రపరచవచ్చును" అని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ పక్కన అతికించి ఉంది.

మూడేళ్ళలో ఏ మూడో పొట్లమూ తెరవాల్సిన అవసరం రాలేదు. గడువు తీరాక వదిన వాటిని తీసుకెళ్ళి ఆఫీసు వెనక కాల్చేసేది. "వేయించుకు తినే గింజల్ని కాల్చి పారేస్తారు, కడుపుకి అన్నం తినే మనుషులేనా" అని అమ్మ ప్రతిసారీ అనేది. అంతకుమించి ఆ పొట్లాల గురించి ఎవరమూ ఆలోచించలేదు.

ఇంకొక నియమం ఉంది. పైన మంచు గడ్డకట్టే అరలో ఒక గిన్నె. గిన్నెలో గడ్డకట్టిన నీళ్ళు. ఆ మంచు మీద అన్నయ్య టైర్ల షాపు నుంచి తెచ్చిన ఇనుప నట్టు ఒకటి. ఎందుకని అడిగితే వదిన చెప్పింది: "మనం ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి మళ్ళీ వచ్చిందనుకో, మంచు కరిగి మళ్ళీ గడ్డకడుతుంది. చూస్తే తెలీదు. కానీ నట్టు మునిగి అడుక్కి పోతుంది. పైనే ఉంటే చల్లదనం తప్పలేదని లెక్క."

అన్నయ్య అప్పుడు పగలబడి నవ్వాడు. "లారీ చక్రాలు ఊడిపోకుండా పట్టుకునే నట్టుని నీ పల్లీలకి కాపలా పెట్టావా? దానికి జీతం ఎంతిస్తున్నావు?"

"మీకంటే నమ్మకమైంది. అది చాలు," అంది వదిన కూడా నవ్వుతూ.

ఇదంతా మంచిరోజుల్లో మాట.

తగవు మా ఊళ్ళో పుట్టింది కాదు. మన లారీలు సముద్రానికి వెళ్ళాలంటే అవతలి దేశం రోడ్డు మీంచే వెళ్ళాలి. వాళ్ళు ఆ దారికి సుంకం రెండింతలు చేశారు. మనవాళ్ళు కూర్చుని మాట్లాడదామన్నారు, వాళ్ళు రామన్నారు. నెల తిరక్కుండా, అవతలి వేరుశనగలో బూజు విషం ఉందని మన రేడియోలో చెప్పారు. వంతెన మూసేశారు. వంతెన అవతల లారీలు ఒకదాని వెనక ఒకటి కొండమలుపు దాకా నిలబడిపోయాయి. ఇవతల టీ కొట్లు, హమాలీలు, మా అన్నయ్య టైర్ల షాపు అన్నీ ఖాళీ. "ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయట," అని టీ కొట్టు ముసలాయన అంటే, పక్కన కూర్చున్న హమాలీ, "మనం లేగలం కూడా కాదు తాతా, వాటి కాళ్ళకింద గడ్డి," అన్నాడట. అన్నయ్య ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. ఎవరమూ నవ్వలేదు.

విషం దొరికిందన్న లారీని తెచ్చింది అవతలి డ్రైవరొకాయన. పదేళ్ళుగా ఈ దారినే తిరిగేవాడు. టైరు పంచరైతే మా అన్నయ్య షాపు దగ్గరే ఆపేవాడు. "బావా, నీ షాపు కోసమే దేవుడు నా టైర్లలో మేకులు దిగ్గొడుతున్నాడు" అనేవాడట. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగేవాళ్ళు. ఇప్పుడు ఆయన మన వైపు లాకప్‌లో ఉన్నాడు. తెలిసే విషం తెచ్చాడని కేసు పెట్టారు. రుజువైతే పదేళ్ళ శిక్ష.

ఆ లారీ మీదెక్కి గింజలు తీసింది మా వదిన. మా సొరుగులో ఉన్నది ఆ లారీ పొట్లమే.

ఒక సాయంత్రం వదిన వంటింట్లో నా పక్కన నిలబడి కుళాయి పూర్తిగా తిప్పింది. గిన్నెలేమీ లేకపోయినా నీళ్ళు హోరుగా పడుతున్నాయి. ఆ చప్పుడు చాటున, కుళాయికి చెప్తున్నట్టు చెప్పింది.

"పరీక్ష రిపోర్టు రెండుసార్లు వచ్చింది. పొద్దున వచ్చినదాంట్లో గింజలు శుభ్రంగా ఉన్నాయని ఉంది. నా బల్ల మీదే ఉంది, చదివాను. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి అది లేదు. సాయంత్రం అదే నంబరుతో ఇంకోటి వచ్చింది. దాంట్లో విషం ఉంది."

"వదినా..." అన్నాను.

"ఎవరితోనూ అనకు. అత్తయ్యతో అసలు అనకు."

కుళాయి కట్టేసింది. ఆ రోజు నుంచి నాకు మా ఇంట్లో నీళ్ళ చప్పుడు వింటే కూడా భయమేసేది.

వచ్చే వారం చుట్టుపక్కల అయిదు దేశాల మంత్రులూ ఒకచోట కూర్చుంటున్నారు. ఆ బల్ల దగ్గర సుంకాల సంగతీ తేలుతుంది, వేరుశనగ సంగతీ తేలుతుంది. అంతకుముందే మూడో పొట్లం రెండు దేశాలవాళ్ళ ఎదుట తెరిచి పరీక్షించాలని అవతలివాళ్ళు పట్టుబట్టారు. శుక్రవారం పది గంటలకి అని ఖాయమైంది. పొట్లంతోపాటు వదిన ఒక కాగితం ఇవ్వాలి. "తీసిన రోజు నుంచి నేటివరకు ఈ పొట్లానికి చల్లదనం తప్పలేదని ధ్రువీకరించుచున్నాను." ఆ సంతకం లేకపోతే పొట్లం చెల్లదు. చెల్లకపోతే సాయంత్రం వచ్చిన రిపోర్టే నిలబడుతుంది. డ్రైవరు పదేళ్ళు లోపలుంటాడు.

మంగళవారం సాయంత్రం మా ఇంటికి ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి చెప్పులు, గట్టిగా మాట్లాడితే గాజు పగులుతుందేమో అన్నట్టుండే గొంతు. అమ్మ తరవాత ఆయనకి మెత్తటాయన అని పేరు పెట్టింది. ఏ ఆఫీసో చెప్పలేదు. రాజధాని నుంచి వచ్చానన్నాడు.

"పిన్నిగారూ, కాసిని మంచినీళ్ళిప్పిస్తారా?" అన్నాడు అమ్మతో. నేను నీళ్ళు తీయడానికి ఫ్రిజ్ తెరిస్తే, నా వెనకే వచ్చి నిలబడి లోపలికి చూశాడు. నేను తొమ్మిది దాకా లెక్కపెట్టి మూసేశాను.

"పాతదైపోయింది కదూ," అన్నాడు ఫ్రిజ్ పక్కన చెయ్యి ఆనించి. "ఈ పాతవి ఉన్నట్టుండి ఆగిపోతుంటాయి. మా ఇంట్లోదీ అంతే."

"ఇది ఆగదండీ," అంది వదిన.

"అన్నీ ఆగుతాయి చెల్లెమ్మా." నీళ్ళు నిదానంగా తాగి గ్లాసు నాకిచ్చాడు. "నిన్ను అబద్ధం రాయమని ఎవరూ అనరు. నీ సర్వీసంతా చూశాను. ఒక్క దొంగ సంతకం లేదు. నీలాంటివాళ్ళుండబట్టే ఆఫీసులు నిలబడ్డాయి. అందుకే చెప్తున్నాను. ఒక్క పూట ఈ ఫ్రిజ్ ఆగిపోనీ. నిజంగానే ఆగనీ. తరవాత ఆగిందని రాసివ్వు. అందులో అబద్ధం ఎక్కడుంది?"

అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడ్డవాడు కాళ్ళు మార్చుకున్నాడు.

"తమ్ముడూ, నీ షాపు వంతెన స్థలంలోనే ఉంది కదా?" అన్నాడు మెత్తటాయన అన్నయ్య వైపు తిరిగి. "కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయా? ఉంటే మంచిది. ఈ మధ్య అవతలివాళ్ళతో బెంచీల మీద కూర్చుని టీలు తాగినవాళ్ళ పేర్లు అడుగుతున్నారు. పైవాళ్ళకి పనేముంది, అడుగుతూనే ఉంటారు."

వెళ్ళేటప్పుడు అమ్మకి నమస్కారం పెట్టి, "వస్తాను పిన్నిగారూ, ఆరోగ్యం చూసుకోండి," అన్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోంచి చూసింది. ముందుగా అమ్మే నోరు విప్పింది. "వెన్నపూసలా మాట్లాడాడు గానీ, చూపు మాత్రం కసాయివాడు మేక బరువు అంచనా వేసినట్టుంది."

"ఆ పొట్లం వాళ్ళకే ఇచ్చేయొచ్చుగా?" అన్నాడు అన్నయ్య. "మన నెత్తిన ఎందుకీ కుంపటి?"

"వాళ్ళు తీసుకోరు," అంది వదిన. "దాని మీద అవతలివాళ్ళ ముద్ర ఉంది. పోతే మన దేశం తప్పవుతుంది. పాడైతే ఎవరి తప్పూ కాదు."

"ఒక్కపూట ఆపితే ఏమవుతుందే? గింజలకి నిజంగా బూజు పట్టేస్తుందా?"

"ఒక్కపూటకి పల్లీకి ఏమీ కాదు. కాగితానికవుతుంది. ఆగిందని నేను రాస్తే పొట్లం విప్పకుండానే పక్కన పెట్టేస్తారు. వాళ్ళకి కావలసింది అదే. విప్పితే గింజలు బాగున్నాయని తేలిపోతుంది."

"మరి ఆగకపోయినా ఆగిందని రాసెయ్."

"ఆగకుండా ఆగిందని ఎలా రాస్తానండీ? మొన్నమొన్నటిదాకా మీతో బెంచీ మీద కూర్చున్న మనిషాయన. ఆయన టీ గ్లాసు మీరు కడిగారు."

అన్నయ్య తలొంచుకున్నాడు. "నాకు తెలీదనుకుంటున్నావా?" అన్నాడు. "ఆయన మంచివాడే. కానీ ఆయన నా పెళ్ళాం కాదుగా."

వదిన లోపలికి వెళ్ళి మంచు అర తెరిచి చూసి వచ్చింది. నట్టు పైనే ఉంది.

బుధవారం పొద్దున మా ఇంటి ఎదురుగా ఒక మోటారుసైకిలు ఆగింది. దాని మీద ఇద్దరు. ఒకడు పల్లీలు తింటూ పొట్టు మా వాకిట్లోకి ఊదుతున్నాడు. నేను కిటికీ దగ్గర కూర్చుని గోనెసంచులకి మాసికలు వేస్తున్నాను. అది నా పని, చిరిగినవి ఇంటికి తెచ్చుకుని కుడతాను. సూది ఎత్తినప్పుడల్లా వాడు నా చేతిని చూస్తున్నట్టనిపించింది. మధ్యాహ్నానికి ఆ పొట్టు గుమ్మందాకా వచ్చింది. అమ్మ చీపురు తీసుకుని బయటికెళ్ళి, "నాయనా, మీకు ఇల్లూ వాకిలీ లేవా, మా వాకిట్లోనే తినాలా?" అంది. వాడు నవ్వి, "ఇవి మంచివే మామ్మా, విషం లేదులే," అన్నాడు. అమ్మ మారుమాట లేకుండా లోపలికొచ్చేసింది. అమ్మ మారుమాట లేకుండా రావడం నేను చూడటం అదే మొదలు.

ఆ సాయంత్రం వదిన అన్నం కలిపింది గానీ తినలేదు. "అవతలి గేటు దగ్గర ఒకావిడ నిలబడుతోంది అమ్మాయ్," అంది నాతో. "నా కిటికీలోంచి కనిపిస్తుంది. చేతిలో క్యారేజీ. పొద్దున వస్తుంది, సాయంత్రందాకా అక్కడే. గేటు తీయరని తెలుసు. అయినా రోజూ క్యారేజీ కట్టుకుని వస్తుంది. ఆ డ్రైవరు భార్యట."

"నిన్ను చూసిందా?"

"నేనెవరో ఆవిడకేం తెలుస్తుంది?"

గురువారం అమ్మ కంటికి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు. ఆసుపత్రి పెద్ద ఊళ్ళో ఉంది, పొద్దున బస్సెక్కితే తిరిగొచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఇల్లు వదిలి వెళ్ళాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే అన్నయ్య అన్నాడు, "వెళ్ళిరండి. షాపు ఎలాగూ మూతే. నేను ఇంట్లో ఉంటాను."

వదిన ఆయన వైపు చూసింది. "కదలకుండా ఉంటారా?"

"ఉంటాను."

"ఒట్టు?"

"ఉంటానంటున్నాగా," అన్నాడు అన్నయ్య. ఒట్టు మాత్రం వేయలేదు. అది నేను విన్నాను. విని, అమ్మ చెప్పులు వెతకడంలో పడిపోయాను.

సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి మోటారుసైకిలు లేదు. మా వాకిలి ఊడ్చి ఉంది. లోపల ఫ్రిజ్ ఎప్పటిలాగే గుర్రుమంటోంది. వంటిల్లు కడిగినట్టు నేల ఇంకా తడిగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య నేల తుడవగా నేను చూడలేదు.

"ఏంట్రా, ఇల్లు తుడిచావా?" అంది అమ్మ ఆశ్చర్యపోతూ. "కన్ను బాగైందనుకున్నాను, ఇంకా మసగ్గానే ఉన్నట్టుంది."

"నీళ్ళు ఒలికాయి," అన్నాడు అన్నయ్య.

టీ కోసం పాలు పొయ్యి మీద పెట్టాను. పొంగకముందే విరిగిపోయాయి. అమ్మ పాలవాణ్ణి తిట్టింది. నేను గిన్నెలోని తెల్లటి తునకలని చూస్తూ నిలబడ్డాను. నాలుగడుగులేస్తే మంచు అర. తలుపు లాగితే గిన్నె. ఒక్క చూపు చాలు. నా చెయ్యి లేవలేదు. చూడనంతసేపు అది జరగలేదనుకోవచ్చు. నేను చిన్నప్పటినుంచీ అన్నీ చూసేదాన్ని, ఏమీ అననిదాన్ని. అమ్మ నన్ను మూగనోము పట్టిందంటుంది. ఆ రోజు మొదటిసారి చూడటానికి కూడా భయపడ్డాను.

వదిన ఆ రాత్రి ఆలస్యంగా వచ్చింది. ఆఫీసులో ఎనిమిదిదాకా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగారట. కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి. "ఎలా ఉంది?" అంది గుమ్మంలోంచే.

"చల్లగానే ఉంది. నువ్వు పడుకో," అన్నాడు అన్నయ్య.

ఆయన మాట నమ్మింది. చెప్పులు విడిచి అలాగే పడుకుంది.

శుక్రవారం పొద్దున ఏడింటికి వదిన స్నానం చేసి, ఆఫీసు బట్టలు కట్టుకుని వంటింట్లోకి వచ్చింది. కాగితం, కలం ఫ్రిజ్ మీద పెట్టింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. అమ్మ గుమ్మంలో. అన్నయ్య నేల మీద కూర్చుని, తాగకుండా టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా మోటారుసైకిలు మళ్ళీ వచ్చింది. దాని ఇంజను ఆపలేదు.

వదిన మంచు అర తెరిచింది. నేను అలవాటుగా లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఇరవై వచ్చింది. ఇరవై అయిదు వచ్చింది. వదిన తలుపు వేయలేదు.

గిన్నె బయటికి తీసింది. మంచు గాజులా తేటగా ఉంది. నట్టు పైన లేదు. అడుగున, మంచులోంచి నల్లగా, నీళ్ళలో పడ్డ కన్నులా కనబడుతోంది.

"ఎంతసేపు?" అంది వదిన. గట్టిగా అనలేదు.

అన్నయ్య తలెత్తలేదు. "పొద్దున మీరు వెళ్ళినప్పటినుంచీ. నాలుగింటికి మళ్ళీ వేశాను. ఆ నట్టు సంగతి మర్చిపోయాను. నేల మీదికి నీళ్ళు కారాక గుర్తొచ్చింది. అప్పటికే మునిగిపోయింది. తీసి పైన పెడదామంటే నీళ్ళ మీద నిలవదు, గడ్డకట్టాక చూస్తే కిందనే పట్టేసింది."

"పాలు విరిగింది పాలవాడి వల్ల కాదన్నమాట," అంది అమ్మ.

"నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాడు అన్నయ్య. "బుధవారం నన్ను షాపు నుంచి తీసుకెళ్ళారు. మీకు చెప్పలేదు. మూడు గంటలు కూర్చోబెట్టారు. ఒక్క దెబ్బ వేయలేదు. దీని ఫోటో ఒకటి బల్ల మీద పెట్టి, ఆ ఫోటోతోనే మాట్లాడారు. లారీల మధ్యన నడుస్తుంది కదా, ఎప్పుడైనా బ్రేకు పడదు కదా అన్నారు." వదిన వైపు చూశాడు. "నువ్వు దొంగ సంతకం పెట్టవని నాకు తెలుసు. అందుకే ఆపాను. ఇప్పుడు నువ్వు నిజమే రాయొచ్చు. ఆగిందని రాసెయ్యి. నీ సంతకానికి మచ్చ రాదు, నీ ఒంటికి దెబ్బ రాదు. అంతకన్నా నాకేం కావాలి?"

వదిన గిన్నె కుళాయి కింద పెట్టి నీళ్ళు తిప్పింది. మంచు అంచులు కరిగి, గడ్డ గిన్నెలోంచి జారి సింకులో పడింది. దాన్ని గరిటెతో కొట్టింది. మూడో దెబ్బకి పగిలింది. నట్టు బయటికొచ్చింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు అన్నయ్య లేచి నిలబడి. "వాళ్ళకి తెలుసు. ఆపానని నిన్న సాయంత్రమే నేనే చెప్పాను. నువ్విప్పుడు తప్పలేదని సంతకం పెడితే, అది అబద్ధమని వాళ్ళకి తెలుసు. ఆ డ్రైవరు పక్కన నిన్నూ కూర్చోబెడతారు. వింటున్నావా?"

వింటోంది. నట్టుని తువ్వాలుతో తుడిచింది. అన్నయ్య దగ్గరికి వచ్చి, ఆయన చేతిలోంచి టీ గ్లాసు తీసి గట్టు మీద పెట్టి, ఆ అరచేతిలో నట్టు పెట్టి, వేళ్ళు మూసింది. కోపంగా చేయలేదు. పిల్లవాడి చేతిలో ఏదైనా జాగ్రత్తగా పెట్టినట్టు చేసింది. ఖాళీ గిన్నె మిగతా గిన్నెలతోపాటు బోర్లించింది.

తరవాత కాగితం ఫ్రిజ్ పక్కకి ఆనించి, ఆ పాత అనుమతి కాగితం మీదే పెట్టి, కలం తీసింది. చల్లదనం తప్పలేదన్న వాక్యం కింద సంతకం పెట్టింది. వదిన సంతకం ఎప్పుడూ ఒకే ఊపులో పడుతుంది. ఆ రోజు మధ్యలో ఒకసారి ఆగింది. కలం మొన ఆగినచోట సిరా చిన్న చుక్కగా ఊరింది. తరవాత మిగతా అక్షరాలు పూర్తి చేసింది.

అన్నయ్య కూలబడ్డాడు. "వద్దే," అన్నాడు. ఆ ఒక్క మాటే రెండుమూడుసార్లు అన్నాడు.

వదిన సొరుగు లాగి రేకు డబ్బా తీసింది. నేను పొయ్యి దగ్గరనుంచి వెళ్ళి, మంచు అరలో ఉన్న తువ్వాలు, చల్లగా ఉంటుందని రాత్రే పెట్టి ఉంచినది, తీసిచ్చాను. అదొక్కటే నేను చేయగలిగింది. డబ్బాని అందులో చుట్టి సంచిలో పెట్టుకుంది. మా ఇద్దరి వేళ్ళూ తగిలాయి. తువ్వాలుకన్నా ఆవిడ వేళ్ళే చల్లగా ఉన్నాయి.

ముందురోజు రాత్రి ఆ తువ్వాలు అరలో పెడుతున్నప్పుడు గిన్నె నా చేతికి తగిలింది. నేను అటు చూడకుండా తలుపు వేసేశాను. ఆ మాట వదినతో చెప్పాలని నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు.

"అమ్మాయ్," అంది అమ్మ గుమ్మంలోంచి. తిట్టబోతోందనుకున్నాను. అమ్మ లేచి, తన మోకాళ్ళు పట్టుకుని, దారి వదిలి పక్కకి జరిగింది. వదిన చెప్పులు తిన్నగా చేసి పెట్టింది. కోడలి చెప్పులు అత్త ముట్టుకోవడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. మోటారుసైకిలు మీదివాడు మెడ సాచి ఇటే చూస్తున్నాడు. ఊళ్ళోంచి వంతెన దాకా పావుగంట నడక. దారిలో ఇల్లంటూ లేదు. ఆగిపోయిన లారీల వరసే.

వదిన చెప్పులు తొడుక్కుంది. సంచి గుండెకి ఆనించి పట్టుకుంది. ఒకసారి ఫ్రిజ్ వైపు చూసింది, తలుపు సరిగ్గా పడిందో లేదో అన్నట్టు. అమ్మతో గానీ, నాతో గానీ, గుప్పిట మూసుకుని నేలమీద కూర్చున్న అన్నయ్యతో గానీ ఒక్క మాట కూడా అనకుండా గడప దాటి వెళ్ళిపోయింది.